నీల్స్ పొప్పె: బెర్గ్‌మన్ సినిమాకు ముందూ తర్వాతా

నీలిమ:
స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ సినిమా ‘ది సెవెన్త్ సీల్’ గురించి ఎక్కడ చదివినా చదరంగం బల్ల, నల్లటి అంగీలో మృత్యువు, ఎదురుగా యోధుడి వేషంలో మాక్స్ వాన్ సీడో. నన్ను కట్టిపడేసింది మాత్రం ఊరూరా తిరిగి ఆటలాడే యోఫ్. ప్లేగు భయంతో లోకమంతా వణికిపోతుంటే ఇతను బంతులు ఎగరేస్తూ, పసివాణ్ణి ఆడిస్తూ, పొద్దున్నే మేరీ మాత కనిపించిందని భార్యకు సంబరంగా చెప్పుకుంటూ ఉంటాడు. ఆ పాత్ర వేసిన నీల్స్ పొప్పె తన దేశంలో చాలా పేరున్న హాస్యనటుడట. నేను చదివిన సినిమా పుస్తకాల్లో ఆయన గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి లేవు. అంత గంభీరమైన కథలోకి హాస్యనటుణ్ణి ఎందుకు తెచ్చారు? ఆయన మిగతా జీవితం ఎలా గడిచింది? తెలిసినవారు వివరంగా రాయండి. ఎంత పొడవున్నా చదువుతాను.

పాతరీలు:
నీలిమ గారూ, ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పొప్పె 1908 మే 31న స్వీడన్ దక్షిణ కొసన ఉన్న మాల్మో నగరంలో పుట్టారు. పుట్టినప్పటి ఇంటిపేరు పొప్పె కాదు. చిన్నతనంలోనే కన్నవారికి దూరమై పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగారు. వాళ్ల ఇంటిపేరే ఆయనకు వచ్చింది. 1930లలో రంగస్థలం మీద పనిచేశారు. ముఖ్యంగా పాట, నృత్యం, చిన్న చిన్న హాస్య ఘట్టాలు కలిపి ఆడే రెవ్యూ ప్రదర్శనల్లో ఆరితేరారు. ఆ దశాబ్దం చివరికి సినిమాల్లోకి వచ్చారు. 1940ల మధ్యకల్లా స్వీడిష్ తెర మీద ఆయన పేరే టిక్కెట్లు అమ్మేది.

సొంత దేశంలో ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చింది ఫాబియన్ బూమ్ అనే పాత్ర. రైల్వేలో చిన్న ఉద్యోగి. సమయపాలన అన్నా, నిబంధనల పుస్తకం అన్నా ప్రాణం పెడతాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్లి సైన్యంలో పడేస్తారు. ఇది 1948లో వచ్చిన ‘సోల్దాత్ బూమ్’. ఆ తర్వాత 1949లో ‘పాపా బూమ్’, 1952లో ‘ఫ్లీగ్ బూమ్’, 1953లో ‘దుమ్ బూమ్’ వచ్చాయి. చివరిదానికి దర్శకుడు కూడా ఆయనే.

బూమ్ పాత్రలోని హాస్యం ఎక్కడుందో చెప్పాలి. సైన్యం మీద వచ్చిన ప్రహసనాల్లో సాధారణంగా సోమరి సైనికుడు అధికారులను బురిడీ కొట్టిస్తాడు. ఇక్కడ తలకిందులు. బూమ్ ఆజ్ఞలను అక్షరాలా పాటిస్తాడు. పాటించి పాటించి పై అధికారులనే పిచ్చివాళ్లను చేస్తాడు. స్వీడన్‌లో 1901 నుంచి యువకులకు సైనిక శిక్షణ తప్పనిసరిగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం తటస్థంగా ఉన్నా, లక్షలాది మంది సరిహద్దుల్లో కాపలాకు వెళ్లి ఏళ్లు గడిపారు. యుద్ధం ముగిసిన మూడేళ్లకు ఈ సినిమా చూసినవాళ్లలో ఆ బారకాసుల జీవితం అనుభవించనివాళ్లు తక్కువ.

చంద్రం మాస్టారు:
పాతరీలు గారు చెప్పినవి నిజమే. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బూమ్ సినిమాలు హడావుడిగా తీసిన వ్యాపార చిత్రాలు. కథ పలచన, పాటలు అతికించినట్టుంటాయి, ప్రేమకథ ఉండాలి కాబట్టి ఉంటుంది. బెర్గ్‌మన్ చేతిలో పడబట్టే పొప్పె పేరు ఈవేళ మనం పలుకుతున్నాం. ఒక జనరంజక నటుణ్ణి గొప్ప దర్శకుడు పైకి తెచ్చిన ఉదాహరణగానే నేను దీన్ని చూస్తాను. ‘సెవెన్త్ సీల్’కు దొరికిన డబ్బు, సమయం చాలా తక్కువ. దాదాపు 35 రోజుల్లో చిత్రీకరణ ముగించారు. పోస్టరు మీద జనానికి తెలిసిన ముఖం ఒకటి ఉంటే మేలని నిర్మాణ సంస్థ అనుకుని ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

పాతరీలు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 1946 వైపు ఒకసారి చూడండి. ఆ ఏడాది పొప్పె రెండు సినిమాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. అందులో ఒకటి ‘పెంగార్’, అంటే ‘డబ్బు’. ఆయన అందులో దేశదిమ్మరి వేషం కట్టారు. ఆ చిత్రానికి పెట్టిన ఉపశీర్షికలోనే అది విషాదహాస్య కథ అని ఉంది. నవ్వునూ బాధనూ ఒకే పాత్రలో కలపాలనే కోరిక, బెర్గ్‌మన్ పిలవడానికి పదేళ్ల ముందే ఆ మనిషిలో ఉంది. అప్పుడు ప్రేక్షకులు ఆయన్ను ఎక్కువగా నవ్వించమన్నారు, ఆయన నవ్వించారు. 1956లో మరొకరు వచ్చి ఆ రెండో సగాన్ని అడిగారు. ఇందులో ‘పైకి తేవడం’ ఎక్కడుంది? ఉన్నదాన్ని గుర్తుపట్టడం ఉంది, అది బెర్గ్‌మన్ గొప్పతనం. ఒప్పుకుంటాను.

మాల్మోవాసి:
ఉద్యోగరీత్యా ఈ వైపు చాలాకాలంగా ఉంటున్నాను కాబట్టి ప్రాంతం గురించి నాలుగు మాటలు. మాల్మో ఉన్న రాష్ట్రాన్ని స్కోనె అంటారు. చాలా శతాబ్దాలు డెన్మార్క్ కింద ఉండి 1658లో స్వీడన్‌కు వచ్చింది. యాస వేరు, తిండి వేరు, మనుషుల తీరులో నిదానం వేరు. స్టాక్‌హోమ్ వాళ్లకు ఈ యాస వినగానే పెదవుల మీద నవ్వు వస్తుంది. స్కోనె హాస్యనటులు ఆ నవ్వును అవమానంగా తీసుకోకుండా తమ సొత్తు చేసుకున్నారు.

పొప్పెకు ముందు ఈ నేల నుంచి వచ్చిన మహా తార ఎద్వర్ద్ పేర్షన్. ఆయనా 1888లో మాల్మోలోనే పుట్టారు. భారీ శరీరం, తొణకని నడక, కడుపునిండా భోజనం చేసి పొలాల మీద పాటలు పాడుకునే రైతు. పొప్పె దీనికి పూర్తి విరుద్ధం. చిన్న మనిషి. తెర మీద ఒక్క క్షణం నిలకడగా ఉండడు. నాట్యం వచ్చు, పడటం వచ్చు, పడి లేవడం ఇంకా బాగా వచ్చు. పేర్షన్‌ను చూసి జనం ‘మన మావయ్య’ అనుకున్నారు. పొప్పెను చూసి ‘అయ్యో, వీడికి ఏమవుతుందో’ అనుకున్నారు. ఇద్దరూ మాల్మోలో పుట్టి, ఇద్దరూ హెల్సింగ్‌బోర్గ్‌లోనే కన్నుమూశారు. పొప్పె జీవితంలో హెల్సింగ్‌బోర్గ్ పాత్ర చాలా పెద్దది. దాని గురించి తీరిగ్గా మళ్లీ రాస్తాను.

ఇంకొకటి. 1952 నుంచి 1958 వరకు బెర్గ్‌మన్ మాల్మో నగర నాటకశాలలో దర్శకుడు. బీబీ ఆండర్సన్‌తో సహా ఆయన నటుల్లో పలువురు అక్కడే ఉండేవారు. మాల్మోలో ఆరేళ్లున్న దర్శకుడికి మాల్మో బిడ్డ పొప్పె అంటే ఎవరో ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

రంగస్థలి:
నాటకాలు వేసేదాన్ని కాబట్టి నటన గురించి రాస్తాను. ‘సెవెన్త్ సీల్’లో సత్రం సన్నివేశాన్ని ధ్వని తీసేసి చూడండి, నీలిమ గారూ.

రావల్ అనే దొంగ, ఒకప్పుడు మతబోధ చేసినవాడు, యోఫ్‌ను పట్టుకుంటాడు. కత్తి చూపి, బల్ల మీదకెక్కి ఎలుగుబంటిలా ఆడమంటాడు. చుట్టూ కూర్చున్న జనం బల్లలు చరుస్తూ నవ్వుతారు. ఇక్కడ పొప్పె చేసిన పని అసాధారణం. ఆయన బాగా ఆడతాడు! ఎలుగుబంటి నడక, ఆ బరువు, ఆ మెడ తిప్పడం అన్నీ కచ్చితంగా ఉంటాయి. వృత్తి తెలిసినవాడి శరీరం ప్రాణభయంలో కూడా తప్పు అడుగు వేయదు. ఆటగాడి ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంటే, ముఖం మాత్రం ఒళ్లు చేసేదానితో సంబంధం తెగిపోయినట్టు భయంతో బిగుసుకుపోతుంది. గంభీర నటుడెవరైనా ఆ ఘట్టంలో బాధను చూపించేవాడు, నృత్యాన్ని మొక్కుబడిగా లాగించేవాడు. అప్పుడు జనం నవ్వు అర్థం లేని క్రూరత్వం అయ్యేది. పొప్పె చేతిలో ఆ నవ్వుకు కారణం ఉంది. చూస్తున్న మనకు కూడా ఒక్క క్షణం నవ్వు వస్తుంది, వచ్చినందుకు మనసు చివుక్కుమంటుంది. జీవితమంతా ప్రేక్షకుల నవ్వు అందుకున్నవాడికే ఆ నవ్వు ఎప్పుడు విషమవుతుందో తెలుస్తుంది.

ఆ తర్వాత సత్రం నుంచి బయటపడేటప్పుడు రావల్ దగ్గరున్న చేతికడియాన్ని లాగేసుకుని పరుగెత్తుతాడు. దాన్ని తీసుకెళ్లి భార్య మియాకు కానుకగా ఇస్తాడు. ఒంటినిండా దెబ్బలు, చేతిలో కానుక. ఇది మూకీల కాలం నుంచి వస్తున్న హాస్య కథానాయకుల రీతి. పొప్పె దాన్ని కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

చంద్రం మాస్టారు:
రంగస్థలి గారి విశ్లేషణ బాగుంది. అయితే అవమానం పాలైన విదూషకుడు బెర్గ్‌మన్‌కు కొత్త కాదని గుర్తుంచుకోవాలి. 1953లో వచ్చిన ఆయన సినిమా ‘గీక్లార్నస్ ఆఫ్తన్’ మొదట్లోనే ఫ్రోస్ట్ అనే సర్కస్ విదూషకుడు ఉన్నాడు. సముద్రంలో సైనికుల ముందు నగ్నంగా స్నానం చేసిన భార్యను భుజాన వేసుకుని రాళ్ల మీద నడుస్తాడు. కళ్లు చెదిరే తెలుపులో తీసిన ఆ దృశ్యం మరచిపోలేము. దాన్ని ఆండేర్స్ ఏక్ చేశారు. ఆయన హాస్యనటుడు కాదు, గంభీర రంగస్థల నటుడు. అంటే విదూషకుడి బాధ చూపించడానికి హాస్యనటుడే అక్కర్లేదు.

రంగస్థలి:
మాస్టారూ, మీరిచ్చిన ఉదాహరణే నాకు పనికొస్తుంది. ఫ్రోస్ట్ నడిచి నడిచి కుప్పకూలిపోతాడు. యోఫ్ లేచి ఇంటికి వెళ్లి అడవి స్ట్రాబెర్రీలు, పాలు పంచుకుంటూ కూర్చుంటాడు, వీణలాంటి వాద్యం మీటుతాడు. ఒకరిది గాయం, మరొకరిది గాయం తర్వాతి రోజు. కుప్పకూలడాన్ని గొప్ప నటులు చాలామంది చేయగలరు. మళ్లీ తేలికవడం అందరికీ చేతకాదు. ఆ పచ్చిక మీద యోఫ్ అంత తేలిగ్గా ఉండబట్టే, చావుతో ఆట ఆడుతున్న యోధుడు ఈ సాయంత్రాన్ని గుర్తుపెట్టుకుంటానని చెప్పినప్పుడు మనం నమ్ముతాం.

నీలిమ:
మీ ఇద్దరి మాటలు చదువుతుంటే ఒకటి తట్టింది. మృత్యువు వేషం వేసిన బెంక్ట్ ఏకెరూట్ ముఖానికి తెల్లరంగు పూసి ఉంటుంది కదా. దాన్ని తెల్ల విదూషకుడి ముఖంగా, పుర్రెకూ కోడంగికీ మధ్య నిలిచేలా ఊహించానని బెర్గ్‌మన్ చెప్పారు. సర్కస్‌లో విదూషకులు జంటగా ఉంటారు. తెల్లముఖం వాడు ఎప్పుడూ గెలిచేవాడు, హుందాగా ఉంటాడు, ఆజ్ఞలిస్తాడు. రెండోవాడు తడబడతాడు, దెబ్బలు తింటాడు. అలా చూస్తే ఈ సినిమాలో అసలు జంట యోధుడూ మృత్యువూ కాదేమో! మృత్యువూ యోఫూ. సినిమాలో వీళ్లిద్దరూ ముఖాముఖి మాట్లాడుకోరు. యోఫ్ అడవిలో ఆ చదరంగాన్ని దూరం నుంచి చూస్తాడు, గుర్తుపడతాడు, భార్యాబిడ్డలతో బండి కట్టుకుని పారిపోతాడు. యోధుడు పావులను తట్టి పడేసి మృత్యువు దృష్టి మళ్లించేది ఆ క్షణంలోనే. దెబ్బలు తినే కోడంగి తప్పించుకుంటాడు.

పాతరీలు:
నీలిమ గారూ, ఇది నేను ఎక్కడా చదవని ఆలోచన. దాన్ని బట్టి చూస్తే మృత్యువును చూడగలిగే శక్తి యోధుడి తర్వాత యోఫ్‌కే ఎందుకు ఇచ్చారో కూడా అర్థమవుతుంది.

వయసు సంగతి కూడా చూడండి. 1956 వేసవిలో చిత్రీకరణ. పొప్పెకు అప్పటికి 48 ఏళ్లు. జీవితంతో అలసిపోయిన యోధుడిగా నటించిన వాన్ సీడోకు 27. మియాగా నటించిన బీబీ ఆండర్సన్‌కు 20 దాటి ఏడాది కూడా కాలేదు. సినిమాలో అందరికన్నా కుర్రవాడిలా కనిపించే యోఫ్, నిజానికి యోధుడికన్నా 21 ఏళ్లు పెద్ద. దర్శకుడికన్నా పదేళ్లు పెద్ద. ఇన్నేళ్లుగా తెలిసిన సినిమా, ఈ లెక్క వేసుకున్నాక నాకు కొత్తగా కనిపించింది. పసివాణ్ణి ఎత్తుకున్న ఆ తండ్రి చేతుల్లో పాతికేళ్ల రంగస్థలం ఉంది.

శారద:
ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. అదే సినిమాలో పొప్పె నిజ జీవిత భార్య కూడా ఉన్నారు. ఇంగా లాండ్‌గ్రే. యోధుడి భార్య కరీన్ పాత్ర ఆమెది. పదేళ్ల ఎదురుచూపు తర్వాత భర్త కోటకు తిరిగొస్తే భోజనం పెట్టి, బైబిల్ చివరి గ్రంథంలోని ఏడో ముద్ర భాగాన్ని చదివి వినిపించేది ఆమే. 1946లో బెర్గ్‌మన్ దర్శకుడిగా తీసిన తొలి చిత్రంలో ప్రధాన పాత్ర కూడా ఆమెదే. పొప్పె, లాండ్‌గ్రే 1949లో పెళ్లి చేసుకున్నారు, 1959లో విడిపోయారు. సినిమాలో ఆమె మృత్యువుకు మర్యాదగా స్వాగతం పలికిన ఇంటి ఇల్లాలు, ఆయన మృత్యువు వేలికి చిక్కని ఆటగాడు. ఒకే ఇంటి మనుషులు కథకు ఆ చివరా ఈ చివరా.

బెర్గ్‌మన్ ఆయనను మరోసారి పిలిచారు. 1960 నాటి ‘యేవులెన్స్ యూగా’, అంటే ‘దయ్యం కన్ను’. నరకంలో సైతానుకు కంటికురుపు వస్తుంది. భూమ్మీద ఒక పవిత్రమైన యువతి ఉన్నందుకే అలా అయిందని డాన్ జువాన్‌ను పంపిస్తాడు. ఆ యువతి తండ్రి, లోకం తెలియని పల్లె మతగురువుగా పొప్పె. కూతురు బీబీ ఆండర్సన్! నాలుగేళ్ల కిందట భార్య, ఇప్పుడు కూతురు. ఆ మతగురువు అమాయకత్వం చూసి మొదట నవ్వుతాం. భార్య ద్రోహం తెలిసిన తర్వాత ఆయన ప్రవర్తన చూశాక ఆ నవ్వు ఆగిపోతుంది. నాకు యోఫ్‌కన్నా ఈ పాత్రే ఎక్కువ ఇష్టం. యోఫ్‌కు ప్రపంచం గురించి తెలియదు. మతగురువుకు తెలుస్తుంది, తెలిసినా మారడు.

మాల్మోవాసి:
ఇప్పుడు హెల్సింగ్‌బోర్గ్ సంగతి. స్వీడిష్ పెద్దవాళ్లను పొప్పె గురించి అడిగితే బెర్గ్‌మన్ పేరు రెండో మాటగా కూడా రాదు. ‘ఫ్రెడ్రిక్స్‌దాల్’ అంటారు. అది హెల్సింగ్‌బోర్గ్‌లో ఒక పాత జమీందారీ భవనం, దాని చుట్టూ పెద్ద తోటలు. ఇప్పుడు ఆరుబయలు మ్యూజియం. ఆ తోటలోనే ఆరుబయలు నాటకశాల ఉంది. 1966లో పొప్పె దాని బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 58. టీవీ వచ్చి ఆయన తరం హాస్య సినిమాలను ఊడ్చేసింది. చాలామంది తారలు ఆ వయసులో జ్ఞాపకాల మీద బతుకుతారు. ఈయన 1993 వరకూ, అంటే 85 ఏళ్లు వచ్చేదాకా, ఆ నాటకశాలకు సారథి.

ఏటా వేసవిలో ప్రహసనం. తలుపుల వెనక దాక్కోవడాలు, మారువేషాలు, పొరపాటు పడిన భర్తలు, చివర్లో పాట. ఈ నాటకాలను టీవీలో దేశమంతటా చూపించారు. దాంతో బూమ్ సినిమాలు చూడని తరానికి కూడా ఆయన పరిచయమయ్యారు. వేసవి సెలవుల్లో ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు కదిలి ఫ్రెడ్రిక్స్‌దాల్‌కు వచ్చేవి. ఆయన బృందంలో నటించిన ఎవా రీద్‌బెర్గ్ తర్వాత ఆ బాధ్యతను అందుకున్నారు. ఆమెదీ మాల్మోనే.

రంగస్థలి:
మాల్మోవాసి గారూ, దయచేసి దీన్ని తేలిగ్గా దాటేయకండి. ఆరుబయట ప్రహసనం ఆడటం ఎంత కష్టమో నటులకే తెలుస్తుంది. హెల్సింగ్‌బోర్గ్‌లో జూన్‌లో రాత్రి పది దాకా వెలుగు ఉంటుంది. అంటే నాటకం చాలావరకు పగటి వెలుతురులోనే సాగుతుంది. చీకటి లేదు, లైట్ల మాయ లేదు. నటుడికి ప్రతి ముఖం కనిపిస్తుంది, ఎవరు ఆవలిస్తున్నారో కూడా. నవ్వు గోడలకు తగిలి తిరిగి రాదు, గాలిలో కలిసిపోతుంది. కాబట్టి తర్వాతి మాట ఎప్పుడు అనాలో చెవితో తేల్చుకోలేం, ఒంటితో తేల్చుకోవాలి. వాన పడితే ప్రేక్షకులు గొడుగు కింద, నటుడు వానలో. ఇరవై ఏడు వేసవులు ఒక ముసలాయన దీన్ని లాక్కొచ్చాడంటే, నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చంద్రం మాస్టారు:
ఇరవై ఏడు వేసవులు! ఆ సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. సినిమాల విలువ గురించి నా అభిప్రాయం అలాగే ఉంది. ‘పాపా బూమ్’ను ఎవరూ కళాఖండం అనరు. కానీ ఒక కళాకారుడి బతుకును ఒక్క సినిమాతో తూచడం న్యాయం కాదన్నది ఒప్పుకోవాలి. బెర్గ్‌మన్ సినిమాలు రెండు. బెర్గ్‌మన్ తర్వాత నాటకశాల చాలా పెద్ద అధ్యాయం. అయినా పాతరీలు గారిని ఒకటి అడుగుతాను. ఆ రెండింటి తర్వాత గంభీర పాత్రలు ఎందుకు వెతుక్కోలేదు? తలుపులు తెరుచుకున్నాయి కదా. కాన్ చిత్రోత్సవంలో 1957లో ‘సెవెన్త్ సీల్’కు ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఆ ముఖం చూసింది.

పాతరీలు:
ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, మాస్టారూ. చేసిన పనిని బట్టి నా నమ్మకం చెబుతాను. కాన్‌లో చూసిన ప్రేక్షకులు ఆయనకు కనపడరు. ఫ్రెడ్రిక్స్‌దాల్ బెంచీల మీద కూర్చున్నవాళ్లు కనపడతారు. పెంపుడు ఇంట్లో పెరిగిన పిల్లవాడు తనను ఏటా చూడటానికి వచ్చే జనాన్ని వదిలి వెళ్లలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. దాన్ని చిన్న ఎంపిక అనడానికి మాత్రం ఒప్పుకోను. గంభీరమైన పాత్ర వేస్తేనే నటుడు ఎదిగినట్టు లెక్కించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది హాస్యానికి చేసే అన్యాయం.

1990ల మొదట్లో పక్షవాతం రావడంతో ఆయన వేదిక దిగవలసి వచ్చింది. 2000 జూన్ 28న హెల్సింగ్‌బోర్గ్‌లో మరణించారు. 92 ఏళ్లు. కూతురు మియా పొప్పె కూడా నటి.

శారద:
చివరి దృశ్యం గురించి ఒక మాట కలపనివ్వండి. మృత్యువు చేతులు పట్టుకుని అందరినీ కొండ అంచున ఆడించుకుంటూ తీసుకెళ్లే ఆ నీడల వరుస, స్కోనె ఉత్తర తీరంలోని హోవ్స్ హల్లార్ దగ్గర అప్పటికప్పుడు తీసిందేనని బెర్గ్‌మన్ రాశారు. ఆ రోజు పని ముగిసి నటుల్లో చాలామంది వెళ్లిపోయారు. ఆకాశంలో విచిత్రమైన మబ్బు కనిపించింది. ఛాయాగ్రాహకుడు గున్నార్ ఫిషర్ కెమెరా సిద్ధం చేశాడు. పనివాళ్లకూ, అక్కడికి వచ్చిన ఒకరిద్దరు పర్యాటకులకూ దుస్తులు తొడిగి గబగబా తీశారు. తెర మీద ఆ వరుసను చూసి ‘కమ్మరి, లీసా, యోధుడు, రావల్, యోన్స్, స్కాట్’ అని ఒక్కొక్కరి పేరూ యోఫ్ చెబుతాడు. నీడలు ఎవరివైనా, అవి వాళ్లేనని మనం నమ్మేది పొప్పె గొంతు వల్ల.

నీలిమ:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఇప్పుడు ఏ వరుసలో చూడాలో చెప్పండి. నేను అనుకుంటున్నది ఇది: ముందు ‘సోల్దాత్ బూమ్’, తర్వాత ‘పెంగార్’, ఆపైన ‘దయ్యం కన్ను’.

పాతరీలు:
‘పెంగార్’ ముందు చూడండి, అది 1946 నాటిది. సొంత చేతులతో ఏం చేయాలనుకున్నారో తెలుస్తుంది. బూమ్ తర్వాత. బూమ్ చూసేటప్పుడు కథను పట్టించుకోకుండా ఆయన కాళ్లనూ భుజాలనూ చూడండి. ‘దయ్యం కన్ను’ ఆఖర్న. ఉపశీర్షికలతో మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుందో మాల్మోవాసి గారు కనుక్కుంటే మాస్టారితో సహా అందరం చూద్దాం.

మాల్మోవాసి:
తప్పకుండా. ఇక్కడి గ్రంథాలయంలో అడిగి రాస్తాను. ఫ్రెడ్రిక్స్‌దాల్ నాటకాల టీవీ రికార్డింగుల గురించి కూడా అడుగుతాను. వాటికి ఉపశీర్షికలు లేకపోయినా ఫరవాలేదు, ముఖ్యమైన మాటలకు అర్థం నేను చెబుతాను. మిగతాది ఆయన ఒళ్లే చెబుతుంది.

చంద్రం మాస్టారు:
రికార్డింగులు దొరికితే ముందు నాకు చెప్పండి. ఆ పగటి వెలుతురులో ఆయన ఎలా నవ్వించేవారో చూడాలని ఉంది.